వచ్చును

మిర్చి యార్డులో పదకొండేళ్లు తొడిమలు తీశాను.
ఎన్నిసార్లు కడిగినా చేతుల మంట పోదు.
మజ్జిగలో ముంచినా అంతే, నూనె రాసినా అంతే.
నిద్దట్లో కళ్లు నులుముకుంటే
తెల్లారేదాకా నీళ్లే.

అందుకే నెహెమ్యా అయ్యగారు వచ్చి
నాలుగో ఇంటికి అమ్మ కావాలి మార్తమ్మా అన్నప్పుడు
ముందు నా అరచేతులు చూపించాను.
వీటితో పిల్లల మొహాలు కడగొచ్చా?
ఆయన కాసేపు ఆలోచించి
మూడు నెలలు ఆగుదాం అన్నారు.
ఆగాం.

నల్లపాడు రోడ్డు పక్కన వరసగా ఆరు ఇళ్లు.
మా ఇంట్లో ఎనిమిది మంది, ఒక పొయ్యి, ఒక అద్దం,
గోడ మీద ఎత్తులు కొలిచిన పెన్సిలు గీతలు.
హెప్సిబాకు చింతకాయ పచ్చడి లేనిదే ముద్ద దిగదు.
ఏలియా పక్క తడుపుతాడు,
ఆ సంగతి గడప దాటదు.

తొమ్మిదోవాడు ముసురు రోజుల్లో వచ్చాడు.
బెజవాడ స్టేషన్లో దొరికాడు కాబట్టి
కాయితాల్లో విజయ్ అని రాశారు.
నీ పేరేంటని వాణ్ణే అడిగితే
"బాటిలు" అన్నాడు.
ఖాళీ నీళ్ల సీసాలు ఏరేవాడట.
వయసు ఏడు. పళ్లు చూసి చెప్పారు,
కోడెదూడకి చెప్పినట్టు.

మంచమెక్కడు. గుమ్మానికి అడ్డంగా,
చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటాడు.
నేనూ చాప తెచ్చి పక్కన వేసుకున్నాను.
తొక్కకుండా దాటడం
మిగతా ఎనిమిది మందీ నేర్చుకున్నారు.

రాత్రి ప్రార్థనలో తలా ఒక వాక్యం చెప్పాలి.
షారోను రెండేళ్లుగా
అన్నిట్లోకీ పొట్టిదే చెబుతోంది.
వాడి వంతు వచ్చింది. వద్దులే అందామనుకున్నా.
లేచాడు. చేతులు కట్టుకున్నాడు.
ముక్కుతో, మైకులో ఆడమనిషి గొంతుతో:

"దయచేసి వినండి.
తెనాలి మీదుగా రేపల్లె వెళ్లు పాసింజరు
మరికొద్ది సేపట్లో
ఆరవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును."

పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు.
ఏలియా అయితే కూత కూడా వేశాడు.
వాడు మాత్రం నా వంకే చూస్తున్నాడు,
తప్పా ఒప్పా అని.

నాకేం చదువు, ఐదో తరగతి.
కానీ ముప్పై ఏళ్లు మందిరంలో కూచున్న చెవులివి.
వచ్చును, ఇచ్చును, తుడుచును.
ఇప్పుడట్లా ఎవరూ మాట్లాడరు,
దేవుడూ రైల్వేవాళ్లూ తప్ప.
ఆమెన్ అన్నాను, గట్టిగా.
నవ్వు ఆగింది.
ఒక్కొక్కళ్లే ఆమెన్ అన్నారు.

తర్వాత గిన్నెల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.
"మా అమ్మ బండికి వస్తానంది."
ఏ బండికిరా?
"చెప్పలా. ఇక్కడే కూచో, వస్తా అంది."
అందుకని అన్ని బళ్లూ బట్టీ పట్టాడు.

అన్నీ.

రాదు అనడానికి నోరు రాలేదు,
వస్తుంది అనడానికి నేనెవరిని?
తొడిమ ఊడిన కాయలో గింజలు నిలవవు,
గలగలా రాలతాయి. నా పదకొండేళ్ల చదువు అది.
దోసిలి పట్టడం తప్ప ఉపాయం లేదు.
ఇంద, ఒక గిన్నె నువ్వు తోము, ఒకటి నేను అన్నాను.

క్రిస్మస్ ముందు శనివారం
అయ్యగారిని అడిగి వాణ్ణి బెజవాడ తీసుకెళ్లాను.
ఆరో నంబరు మీద, పులిహోర డబ్బాతో, పొద్దుటి నుంచీ.
మైకు చెప్పకముందే వాడు చెబుతున్నాడు,
ఏది ఎక్కడిదో, ఎంత లేటో.
దిగిన ప్రతి చీరనీ చూశాడు.
నేనూ చూశాను, ఎవర్ని చూడాలో తెలియకపోయినా.

దీపాలు వెలిగాక
డబ్బా మూత తనే బిగించి లేచాడు.
"గుంటూరు బండి ఒకటో నంబరు మీదకి మార్చారు.
మెట్లెక్కాలి, పద."

ఇప్పటికీ గుమ్మం దగ్గరే పడక.
గడియ మాత్రం వాడే వేస్తాడు,
ఎనిమిది మందినీ లెక్కపెట్టి,
నన్ను కలిపి తొమ్మిది అని,
తనని మర్చిపోయి.
ఒరే, పది అంటాను చీకట్లోంచి.